చివరి మంచి రీడింగు

కొర్నేలికి ఒక అలవాటుండేది. ముల్లున్న వస్తువు ఏది కనిపించినా ముందు దాని అద్దాన్ని వేలితో రెండుసార్లు టక్‌టక్‌మని కొట్టి, ఆ తర్వాతే రీడింగు చూసేవాడు. భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్ఫైనాలుగేళ్ళు మీటర్లూ గేజీలూ బాగుచేసిన చెయ్యి అది, ఊరుకోమంటే ఊరుకుంటుందా? కదలని ముల్లుని చూసి మురిసిపోకండి, ఇరుక్కుపోయిందేమో చూడండి అనేది కొత్తగా చేరినవాళ్ళకి అతను చెప్పే మొదటి పాఠం. పెళ్ళిచూపులకి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు మామగారింటి గోడగడియారాన్ని కూడా ఇలాగే కొట్టి చూశాడట. "పిల్లని చూడ్డానికొచ్చాడా, గడియారం రిపేరుకొచ్చాడా అని మా నాన్న అడిగాడు" అంటూ డోర్కాస్ పోయేదాకా ఆటపట్టిస్తూనే ఉంది.

డోర్కాస్ పోయి రెండు నెలలైంది. చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు అందరి ముందూ కొర్నేలిని మెచ్చుకున్నారు. భార్యని కంటికి రెప్పలా కాచుకోవడమంటే ఇదీ, ఇంట్లోనే యంత్రం కట్టి నిమిషనిమిషం చూసుకున్నాడు అన్నారు. అందరూ తలలూపారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు కొర్నేలి మాత్రం తల దించుకుని చొక్కా గుండీలు సర్దుకున్నాడు. పాపం, దుఃఖం అనుకున్నారు జనం. దుఃఖమే, కానీ అందులో సగం వాళ్ళకి తెలియనిది.

ఆ యంత్రం సంగతి చెప్పాలి. డోర్కాస్‌కి క్యాన్సరు. మందు ఎక్కించిన పదిరోజులకి ఒంట్లో రోగాల్ని అడ్డుకునే కాపలా దళమంతా పడిపోతుందనీ, అప్పుడు జ్వరం నూరు దాటితే గంట కూడా ఆగకుండా తీసుకురావాలనీ డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. గంటగంటకీ థర్మామీటరు పెడితే ఆవిడకి నిద్ర లేదు. అందుకని కొర్నేలి మిరియపు గింజంత సెన్సారు తెచ్చాడు. డోర్కాసే తన పాత జాకెట్టు గుడ్డతో దానికి పట్టీ కుట్టి, చంక కింద కట్టుకుంది. అక్కడినుంచి ఒక్క తీగ గోడ వెంట హాల్లోకి, అతని కుర్చీ పక్కన స్క్రీనున్న పెట్టెలోకి వచ్చేది. సెన్సారు చెప్పే మాటా ఆ తీగ మీదే, ఆ బుల్లి సెన్సారు బతకడానికి కావలసిన కాస్త కరెంటూ ఆ తీగ మీదే.

అక్కడితో ఆగితే అతను కొర్నేలి ఎందుకవుతాడు? మేడమీద నీళ్ళ ట్యాంకుకీ, కింది గదులకి గాలి పంపే కూలరుకీ కూడా సెన్సార్లు పెట్టాడు. ఒక్క తీగకి ఇంతమందిని తగిలిస్తే ఆ కాస్త కరెంటూ చాలదు. అందుకని తీగని రెండు కొమ్మలు చేసి, మధ్యలో ఒక బుల్లి స్విచ్చు పెట్టాడు. పెట్టె ముందు మేడమీది కొమ్మ తెరుస్తుంది, అక్కడివాళ్ళని పలకరిస్తుంది, మూసేస్తుంది. తర్వాత వెనకగది కొమ్మ తెరిచి డోర్కాస్‌ని పలకరిస్తుంది. మూసి ఉన్న కొమ్మ మీద ఎవరున్నారో, ఎలా ఉన్నారో పెట్టెకి తెలియదు.

మొదటి వారం డోర్కాస్ ఇటునుంచి అటు తిరిగినప్పుడల్లా ప్లగ్గు వదులై, జవాబు రాక, పెట్టె కుయ్యిమని అరిచేది. ఆవిడ ఉలిక్కిపడి లేచేది.

"ఈ కూతకే నా ప్రాణం పోయేలాగుందండీ" అంది ఒకరోజు. "దాని నోరు మూయించండి."

మూయించాడు. ప్లాంటులో దానికో పద్ధతుంది. సెన్సారు జవాబివ్వకపోతే, అంతకుముందు వచ్చిన చివరి మంచి రీడింగునే చూపిస్తూ ఉంటారు, ఒక్క క్షణం తీగ వదులైతే కొలిమి మొత్తం ఆగిపోకుండా. కానీ అక్కడ దానికి రెండు నిమిషాల గడువుంటుంది. గడువు దాటితే పసుపు దీపం వెలుగుతుంది, మనిషి పరిగెత్తాలి. ఇంట్లో కొర్నేలి గడువు పెట్టలేదు. దీపమూ పెట్టలేదు. పెళ్ళాం నిద్రపోతే చాలనుకున్నాడు.

పదోరోజు జూన్ ఎండలో వచ్చింది. రాత్రంతా నొప్పులతో దొర్లి, తెల్లారాక డోర్కాస్‌కి కన్నంటుకుంది. "నన్ను లేపకండి. జావ కూడా వద్దు. మీ పెట్టె చూసుకోండి" అంది. తొమ్మిదీ నలభైకి మేడమీద కూలరు నీళ్ళు కారి ఆ కొమ్మ తడిసింది. తీగలో ఉన్న కరెంటంతా ఆ తడే తాగేసింది. స్విచ్చు రెండు కొమ్మల్నీ వదిలేసింది. పెట్టె డోర్కాస్‌ని పిలిచింది, జవాబు రాలేదు. రాకపోతే ఏం చెయ్యాలో కొర్నేలి నేర్పాడుగా, తొంభైయెనిమిది పాయింటు రెండు అని చూపిస్తూ కూర్చుంది.

కొర్నేలి కూడా దాన్ని చూస్తూ కూర్చున్నాడు. రెండుసార్లు మునివేళ్ళ మీద గుమ్మందాకా వెళ్ళాడు. ఆవిడ గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకునుంది. భిలాయిలో జూన్ నెలలో పట్టపగలు దుప్పటేమిటని అడగాల్సినవాడు, కూలరు గాలి ఎక్కువైందేమోలే అనుకుని వెనక్కొచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి నాగపూరులో టీచరుగా ఉన్న కూతురు జూడీ ఫోను చేసింది. స్కూల్లో సెలవు దొరికింది, మూడింటి బండికి వచ్చెయ్యనా అని అడిగింది. కొర్నేలి స్క్రీను చూశాడు. "మమ్మీ హాయిగా పడుకుంది. తొంభైయెనిమిదే. ఆదివారం వద్దువుగాని" అన్నాడు. స్క్రీనుకి ముల్లు లేదు గనక వేలితో కొట్టి చూడాలని కూడా తోచలేదు.

అయిదింటికి ఎదురింటి కుముదిని నిమ్మరసం పట్టుకుని వచ్చింది. గదిలోకి వెళ్ళి నుదుటి మీద చెయ్యేసింది. "అన్నయ్యా, ఒళ్ళు కాలిపోతంది" అని అక్కడినుంచే పిలిచింది. ఆస్పత్రిలో నూటనాలుగు చూపించింది. ఇంకాస్త ముందు తెచ్చుంటే అని డాక్టరు సగంలో ఆపేశాడు. మూడోరోజు తెల్లవారుతుండగా డోర్కాస్ వెళ్ళిపోయింది.

ఆ మధ్యలో, రెండోరోజు, ఆవిడకి ఉతికిన చీర కోసం కొర్నేలి ఇంటికొచ్చాడు. వెనకగదిలో మంచం ఖాళీగా ఉంది. పట్టీ నేలమీద పడుంది. హాల్లో పెట్టె మాత్రం తొంభైయెనిమిది పాయింటు రెండు చూపిస్తోంది. ఖాళీ మంచానికి. అప్పుడు కొట్టాడు దాన్ని వేలితో, టక్‌టక్‌మని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఎంతసేపు కొట్టాడో అతనికే తెలియదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. అడగనిదాన్ని దాచడం ఎంత తేలికో, మోయడం అంత కష్టమని రెండు నెలల్లో తెలిసొచ్చింది.

ఆగస్టులో జూడీ వచ్చింది. తల్లి పేరున జ్ఞాపకార్థ కార్డులు అచ్చు వేయిస్తోంది. ఆమె వచ్చిన పూటే కుముదిని కూడా వచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఆమె భర్త శ్యామసుందర్‌కీ ఇప్పుడు అదే మందు ఎక్కిస్తున్నారు.

"అన్నయ్యా, వదినకి కట్టినట్టే మా ఇంట్లో కూడా ఆ యంత్రం కట్టీండి. మీరు చూసుకున్నట్టు నేను చూసుకోలేను, మరేటి చేస్తాను" అంది.

"డాడీ కట్టేస్తారు ఆంటీ. డాడీ హై నా" అంది జూడీ, అతను నోరు విప్పకముందే.

కుముదిని వెళ్ళాక కొర్నేలి లోలోపల లెక్కలు వేసుకున్నాడు. గడువు పెట్టొచ్చు. దీపం పెట్టొచ్చు. స్విచ్చు నిజంగా మారిందో లేదో పెట్టె తిరిగి అడిగేలా చెయ్యొచ్చు. గంట పని. తప్పు దిద్దినట్టూ ఉంటుంది, తప్పు చేశానని చెప్పక్కర్లేకుండానూ ఉంటుంది. సుఖంగా ఉంది ఆ ఆలోచన. ఆ సుఖానికే సిగ్గేసింది.

ఈలోగా జూడీ పెట్టెకి తన ల్యాప్‌టాప్ తగిలించి, ఆ రోజు గ్రాఫు తీసింది.

"డాడీ, యే దేఖో. ఇది మమ్మీ ఇంట్లో ఉన్న చివరి రోజు కదూ? ఎంత నిమ్మళంగా పడుకుందో చూడు, లైను ఎక్కడా కదల్లేదు. దీన్ని కార్డు వెనక వేయిస్తాను."

తొమ్మిదీ నలభైదాకా ఆ గీత చిన్నచిన్న అలలుగా ఊగింది. మనిషి ఒంటి వేడి నిద్రలో కూడా అలా ఊగుతుంది. ఆ తర్వాత స్కేలు పెట్టి గీసినట్టు సాయంత్రందాకా ఒకటే గీత. కూతురు దానిమీద వేలు పెట్టి ప్రేమగా నిమురుతోంది. ఇంక దాచడానికి లోపల చోటు లేదు.

"అది మమ్మీ కాదమ్మా" అన్నాడు.

"మరేటి?"

చెప్పాడు. కొమ్మ వదిలేసిన సంగతి, చివరి మంచి రీడింగు సంగతి, కూత వద్దంటే తాను నోరు మూయించిన సంగతి, ఖాళీ మంచం సంగతి. ట్రైనీలకి చెప్పినట్టే వరసగా చెప్పాడు. మరోలా చెప్పడం చేతకాలేదు. జూడీ వేలు గ్రాఫు మీదే ఆగిపోయింది.

"రెండింటికి నేను ఫోన్ చేశాను" అంది చివరికి.

"చేశావు."

"మమ్మీ ఎలాగుందని అడిగాను."

"అడిగావు."

"నువ్వు నాకు దీన్ని చూసి చెప్పావు."

"అవునమ్మా. దీన్ని చూసే చెప్పాను."

"మూడింటి బండికి వచ్చుంటే…" అంది. మూడింటి బండి ఎన్నింటికి చేరుతుందో ఇద్దరికీ తెలుసు. కొర్నేలి అప్పటికే ఆ లెక్క వెయ్యిసార్లు వేశాడు. బండి చేరేసరికి కుముదిని చెయ్యి వేసేసి ఉండేది, జూడీ వచ్చినా తల్లి జ్వరం ముందుగా దొరికేది కాదు. కానీ తల్లి తెలివితో ఉన్న చివరి సాయంత్రం దక్కేది. మర్నాటికి ఆవిడ ఎవరినీ గుర్తుపట్టలేదు.

జూడీ లేచి వెనకగదిలోకి వెళ్ళి, ఆ పట్టీని ఒళ్ళో పెట్టుకుని మంచంమీద చాలాసేపు కూర్చుంది. కొర్నేలి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజూ ఇక్కడే ఆగిపోయాను కదా అనుకున్నాడు. ఈసారి ఆగకుండా లోపలికి వెళ్ళాడు. జూడీ ముఖం తిప్పుకుంది. బ్యాగు తీసుకుని వీధిలోకొచ్చి, పవర్ హౌస్ రైల్వే స్టేషనుకి ఆటో పిలిచింది.

"అన్నం తిని వెళ్ళమ్మా" అన్నాడు.

"తర్వాత ఫోన్ చేస్తాను" అంది, అతనివైపు చూడకుండా. పట్టీ తనతో తీసుకెళ్ళింది. కొర్నేలి వద్దనలేదు.

మర్నాడు కుముదినికి కూడా అంతా చెప్పాడు. యంత్రం కట్టననీ, పదోరోజు దాటేదాకా గంటగంటకీ తానే వచ్చి చూస్తాననీ అన్నాడు. ఆమె సరే అనలేదు, వద్దనీ అనలేదు. గేటుకి గొళ్ళెం పెట్టడం మాత్రం మానేసింది. అప్పటినుంచి థర్మామీటరు జేబులో వేసుకుని, అది పెట్టేముందు నుదుటిమీద చెయ్యేసి చూసి, వీధికి అటూ ఇటూ తిరుగుతున్నాడు. చూసొచ్చాక ఇంట్లో ఖాళీ మంచం ఉన్న గదిలోకి కూడా ఒకసారి వెళ్ళి వస్తాడు. ఎందుకంటే చెప్పలేడు.

జూడీ వారందాకా ఫోను చెయ్యలేదు. ఎనిమిదోరోజు మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి చేసింది. కొర్నేలి గడియారం చూసి, అదే వేళని గుర్తించి, ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"శ్యామసుందర్ అంకుల్ ఎలాగున్నారు?" అంది. నాన్న సంగతి అడగలేదు.

"బాగున్నాడమ్మా. జ్వరం లేదు. ఇప్పుడే చెయ్యేసి చూసొచ్చాను."

"ఇప్పుడే అంటే ఎప్పుడు?"

కొర్నేలి మళ్ళీ గడియారం చూశాడు. పన్నెండు నిమిషాలైంది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో వీధి దాటి, కుముదిని వాళ్ళ గేటు తోసుకుని లోపలికి వెళ్ళాడు. శ్యామసుందర్ నిద్రపోతున్నాడు. నుదుటిమీద అరచెయ్యి పెట్టి, ఎత్తకుండా అలాగే ఉంచాడు.

"చల్లగా ఉందమ్మా" అన్నాడు. "నా చెయ్యి ఇంకా నుదుటిమీదే ఉంది."

అవతల జూడీ ఏడుస్తున్నట్టు వినిపించింది, కానీ ఫోను పెట్టెయ్యలేదు. కొర్నేలి కూడా చెయ్యి తియ్యలేదు.