ముందు బ్రేకులో నిట్టూర్పు

"నొక్కు."

"నొక్కాను."

"పట్టుకో."

"పట్టుకునే ఉన్నాను. వదిలేసి ఎక్కడికి పోతాను?"

మెకానిక్ బండి పక్కన గొంతుక్కూర్చుని, ముందు చక్రానికి బ్రేకు పట్టించే క్యాలిపర్ మీద, లోపలి గాలి తీసే చిన్న నిపుల్‌ని స్పానరుతో పావు వంతు వదులు చేశాడు. సన్నటి గొట్టంలోంచి బ్రేక్ ఆయిల్ సీసాలోకి జారింది. ఒక్క బుడగ లేదు. నిపుల్ బిగించి "ఇక వదులు" అన్నాడు. ఆయన భార్య లివర్ వదిలి, మళ్ళీ నొక్కి చూసింది. అది మెత్తగా వెళ్ళి హ్యాండిల్‌కి ఆనుకుంది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

"ఇదేం బ్రేకండీ, తడిగుడ్డ పిండుతున్నట్టుంది" అంది ఆవిడ, చెయ్యి విదిలించుకుంటూ.

బండి మెకానిక్ తమ్ముడిది. కొండ మీది ఆస్పత్రి నుంచి కింద టౌన్లోని ల్యాబుకు రోజూ తెల్లారగట్ల రక్తం శాంపిళ్ళ బాక్సు చేరవెయ్యడం అతని ఉద్యోగం. దారిలో పద్నాలుగు మలుపులు. పోయిన వారం బ్రేకు సరిగా పట్టడం లేదు, విప్పి చూడమని బండి తెచ్చిచ్చాడు. చూస్తే లోపలి రబ్బరు సీళ్ళు నిజంగానే పాతబడి ఉన్నాయి. మెకానిక్ ముందు చక్రానికి కుడి ఎడమలున్న రెండు క్యాలిపర్లూ విప్పి, పిస్టన్లు తోమి, కొత్త సీళ్ళు వేసి బిగించాడు. చెయ్యి తిరిగినవాడు, పనికి వంక పెట్టడానికి లేదు. అయినా లివర్ మెత్తబడిపోయింది.

ఎయిర్ పట్టిందేమోనని తీశాడు. కుడి ఎడమలు మార్చి బిగించానేమో, నిపుల్ కిందికి వచ్చిందేమో అని చూశాడు. లేదు, పైకే ఉంది. రాత్రంతా లివర్‌ని తాడుతో బిగించి కట్టి ఉంచాడు. సిరంజితో కింద నుంచి పైకి ఆయిల్ ఎక్కించాడు. స్పానరు మొనతో క్యాలిపర్ని తట్టాడు, బతిమాలాడు, నాలుగు తిట్లు కూడా తిట్టాడు. ఇక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

ఆస్పత్రివాళ్ళు తమ్ముడికి నాలుగు రోజులకని సర్దిన వేరే బండి ఈ పూటతో వెనక్కి వెళ్ళిపోతుంది. రేపు తమ్ముడు ఈ బండి మీదే దిగాలి. "వెనక బ్రేకుందిగా అన్నయ్యా. ఆగకపోతే ఇంకా తొందరగా చేరతాను" అని పొద్దున నవ్వాడు. వాడి తరహాయే అంత. వీధిలో అందరూ వాణ్ణి హుషారు అనే పిలుస్తారు.

ఎయిర్ కాకపోతే బ్రేకులో ఇంకేముంటుందో ఆ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నిట్టూర్పు.

ఆ ఊళ్ళో నిట్టూర్పులు గాల్లో కలిసిపోవు. ఎక్కడ విడిస్తే అక్కడే పడుంటాయి. తలుపుల వెనకా, మంచాల కిందా బూడిదరంగు దూదిలా పేరుకుంటాయి. పొద్దున్నే ఊడ్చి చేటకెత్తుతారు. పిండి డబ్బా మూత తీసి నిట్టూర్చకూడదని పిల్లలకి ముందే నేర్పుతారు. దర్జీ ఆదమరిచి విడిస్తే చొక్కా భుజాల దగ్గర బరువెక్కుతుంది. వాటిని ఊడ్చెయ్యడం పెద్ద పనేం కాదు. మూసేసిన దాంట్లో చిక్కుకుంటేనే తంటా. గాలైతే పైకి తేలి నిపుల్ దగ్గరికి తనే వస్తుంది. నిట్టూర్పు అడుగున కరుచుకుని కూర్చుంటుంది. విడిచిన మనిషి అదెందుకు విడిచాడో నోరు విప్పి చెబితే తప్ప కదలదు.

అందుకే క్యాలిపర్ విప్పితే మూతికి గుడ్డ కట్టుకోవాలన్నది షాపులో పద్ధతి. మెకానిక్ కట్టుకున్నాడు, పక్కనుండి పిస్టన్లు తుడిచిన భార్య కూడా కట్టుకుంది.

"గుడ్డ జారిందేమో. నాదే అయ్యుంటుంది" అన్నాడు మెకానిక్. క్యాలిపర్ దగ్గరికి వంగి, ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు, "మోకాళ్ళు లేవనివ్వడం లేదు. ఈ షాపు ఇంకెన్నాళ్ళు నడపగలనో తెలీదు" అన్నాడు.

మోకాళ్ళ సంగతి భార్యకి తెలుసు. షాపు సంగతి తెలీదు. ఆవిడ ఆయన కేసి చూసి లివర్ నొక్కింది. అంతే మెత్తన.

"మీది కాదు" అంది.

"అయితే నీదా?"

"నావన్నీ చేటలో ఉన్నాయి, వెళ్ళి చూసుకోండి." అంటూనే ఆవిడా వంగింది. "ఈయన మూడుసార్లు చెప్పినా వినిపించుకోరు. ఊరికే ఆఁ అంటారు. ఇరవై ఏళ్ళ నుంచీ ఇదే."

"ఆఁ?" అన్నాడు మెకానిక్, గొట్టం కేసి చూస్తూ.

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ నవ్వేంత ఓపిక లేదు. లివర్ మాత్రం అలాగే ఉంది.

స్పానరు పెట్టేద్దామని మెకానిక్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. బల్ల మీద తమ్ముడి హెల్మెట్ ఉంది. డ్యూటీ నుంచి వచ్చి అక్కడ పడేసి, మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. దాన్ని పక్కకి జరపబోతే చెయ్యి ఆగిపోయింది. నిండు బకెట్టంత బరువుంది. రెండు చేతులతో ఎత్తి బోర్లించాడు. లోపల్నుంచి నిట్టూర్పులు జారడం మొదలుపెట్టాయి. పాతవీ కొత్తవీ ఒకదాన్నొకటి పట్టుకుని చాలాసేపు జారాయి. షాపు నేల మీద చీలమండల దాకా పరుచుకున్నాయి.

"వీడి గదిలో ఏనాడూ చీపురు పెట్టే పని పడలేదండీ" అంది భార్య. "నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా."

మెకానిక్‌కి అప్పుడు గుర్తొచ్చింది. విప్పిన క్యాలిపర్లు బల్ల మీదున్న రోజున తమ్ముడు వచ్చి, "ఇలా తే, నేను ఊదుతాను" అని ఒక్కో రంధ్రానికీ నోరు పెట్టి ఊదాడు. గుడ్డ కట్టుకోమని ఎవరూ అనలేదు. అందరికీ గుడ్డ కావాలి గానీ హుషారుకెందుకు అనుకున్నారు. ఊదినంతసేపూ వాడేం ఊదుతున్నాడో ఎవరూ చూడలేదు. మెకానిక్‌కి సిగ్గేసింది. ఆ వెంటనే భయమేసింది.

తమ్ముడు ఈల వేసుకుంటూ వచ్చాడు. "ఏంటి వదినా, ఇద్దరూ చేరి బ్రేకుని బుజ్జగిస్తున్నారా?" అంటూనే నేల చూశాడు. ఈల ఆగింది.

"ఊడ్చేస్తాలే" అని చీపురు అందుకోబోయాడు. వదిన దాని మీద కాలు పెట్టింది.

"లివర్ పట్టుకోరా" అన్నాడు మెకానిక్.

తమ్ముడు పట్టుకున్నాడు. మెకానిక్ కిందకి కూర్చుని గొట్టం తగిలించాడు. మొహం చూస్తూ చెప్పడం కష్టమని ఆయనకి తెలుసు. అందుకని సీసా కేసే చూస్తూ, "ఏమైంది?" అన్నాడు.

"ఏమీ కాలేదన్నయ్యా. ఏదన్నా అయ్యుంటే చెప్పేవాణ్ణే."

లివర్ హ్యాండిల్‌కి ఆనుకుంది.

"లేవాలి, దిగాలి, ఎక్కాలి. దారిలో కనపడ్డ వాళ్ళందర్నీ నవ్వించాలి. ఒక్కరోజు నవ్వించకపోతే ఏమైందని అడుగుతారు, ఏమీ కాలేదు కాబట్టి మళ్ళీ నవ్వించాలి. అలిసిపోయాను. ఎందుకో అడక్కు, నాకే తెలీదు" అన్నాడు తమ్ముడు.

గొట్టంలో చిన్న బుడగ ఒకటి కనపడి, వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇంకా ఉంది" అన్నాడు మెకానిక్ మెల్లగా.

తమ్ముడు లివర్ వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. వదిన వాడి పక్కకొచ్చి నిలబడింది.

"పోయిన వారం పదో మలుపు దగ్గర నాకు బ్రేకు నొక్కబుద్ధి కాలేదు" అన్నాడు. "చెయ్యి లివర్ మీదే ఉంది. బ్రేకు బాగానే ఉంది. నేనే నొక్కలేదు. చివర్లో, వెనక బాక్సులో ఎవరివో శాంపిళ్ళున్నాయి కదా, పాపం వాళ్ళు మళ్ళీ సూది పొడిపించుకోవాలి అనిపించి నొక్కాను. ఇంటికొచ్చి నీతో బ్రేకు పట్టడం లేదన్నాను. ఇంకెలా చెప్పాలో తెలియలేదు."

క్యాలిపర్ లోపల ఏదో కదిలింది. మెకానిక్ నిపుల్ తిప్పాడు. గుప్పెడంత నిట్టూర్పు గొట్టం పొడుగునా సాగుతూ వచ్చి సీసాలో పడింది, ఆయిల్ అడుగున కుదురుకుంది. నిపుల్ బిగించాడు.

"నొక్కు."

తమ్ముడు నొక్కాడు. లివర్ సగం దూరం కూడా వెళ్ళకుండా రాయిలా ఆగింది. వాడు దాన్ని వదల్లేదు. అలా పట్టుకునే ఏడ్చాడు. వదిన వీపు మీద చెయ్యేసి, ఏడుపు అయ్యేదాకా ఉంచింది.

"రేపు నేను దిగుతాను. ఎల్లుండి కూడా నేనే" అన్నాడు మెకానిక్.

"నీ మోకాళ్ళు?"

"బండి చక్రాల మీద నడుస్తుందిరా, నా మోకాళ్ళ మీద కాదు. నువ్వు పడుకో. తర్వాత ఆస్పత్రికి ఇద్దరం కలిసి వెళ్దాం. బాక్సు కోసం కాదు, నీ కోసం. ఇప్పుడు చెప్పావు చూడు, అదే డాక్టరమ్మకి చెబుదువుగాని."

తమ్ముడు తలూపాడు. జోకు వేస్తాడేమోనని ఇద్దరూ చూశారు. వెయ్యలేదు.

మర్నాడు తెల్లారగట్ల మెకానిక్ బాక్సు కట్టుకుని కొండ దిగాడు. పదో మలుపు దగ్గర రెండు వేళ్ళతో లివర్ నొక్కితే బండి బుద్ధిగా ఆగింది. పిట్టగోడ అవతల లోయ కేసి ఒక్కసారి చూసి, గుండెల నిండా ఉన్నదంతా విడిచాడు. అది ధబ్బున రోడ్డు మీద పడింది. ఎవరి చక్రమన్నా జారుతుందని, దిగి దాన్ని కాలితో అంచుకి నెట్టి, మళ్ళీ బండెక్కాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి భార్య తమ్ముడి గది గుమ్మంలో నడుం పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో చేట పొంగిపోతోంది.

"పొద్దున్నుంచి ఇది మూడోది. ఇంకా మంచం కింద ఉంది" అంది. విసుక్కుంటున్నట్టే అంది గానీ, చేటని మాత్రం రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుంది.

లోపల తమ్ముడు నోరు తెరుచుకుని ఒళ్ళెరక్కుండా నిద్రపోతున్నాడు. నిద్రలోనే ఇంకొకటి విడిచాడు. అది దిండు మీంచి దొర్లి నేల మీద పడింది.

మెకానిక్ మూలనున్న ఇంకో చీపురు తీసుకున్నాడు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా, వాడు లేవకుండా, మెల్లగా మంచం కిందికి వంగాడు.