కర్త లేని వాక్యం

ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద కుప్ప పోసి, ఎవరివి వాళ్ళకి విడదీస్తోంది ఆమె. భర్త చొక్కాలు ఒక దొంతర, కూతురి యూనిఫారాలు ఒక దొంతర, తన చీరలు మిగిలిన చోట. ముందు గదిలోంచి మరిది గొంతు వినిపించింది.

"వదినా, పంచుకోవడానికి బిట్వీన్ రాయాలా, అమాంగ్ రాయాలా?"

"ఇద్దరైతే బిట్వీన్. ముగ్గురైతే అమాంగ్," అంది చేతిలో పని ఆపకుండా. ఇంగ్లీషు టీచరైనందుకు ఆ ఇంట్లో ఆమెకి దక్కిన గౌరవం ఇదొక్కటే. ఎవరికి ఏ మాట తట్టకపోయినా ఒక కేక వేస్తారు. లేచి డిక్షనరీ తెచ్చుకునే శ్రమ తప్పుతుంది.

"ఇద్దరే. బిట్వీన్ రాసేయ్," అన్నారు బావగారు తమ్ముడితో.

ఆమె చెయ్యి ఆగింది. అత్తగారికి ముగ్గురు కొడుకులు. దుకాణం పంపకాల కాగితం ఇంగ్లీషులో రాసి ప్లీడరుకి ఇవ్వాలని ముగ్గురూ టిఫిన్లయిన దగ్గర్నుంచి తలుపు ఓరగా వేసుకుని కూర్చున్నారు. మరి ఇద్దరేమిటి? రాసేది మరిది, రాయించేది బావగారు. లెక్కలో లేని మూడోవాడు తన భర్తే. పళ్ళెంలో చిన్న ముక్క పడితే అలిగే మనిషి. అలాంటివాడు దుకాణంలో వాటా వదులుకుని కిక్కురుమనకుండా కూర్చున్నాడంటే, దానికి బదులు ఇంకేదో పెద్దదే పుచ్చుకుంటున్నాడన్నమాట.

అసలు పొద్దుటి నుంచి అతని వాలకమే బాగాలేదు. తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టడం పెళ్ళయిన దగ్గర్నుంచి ఎరగనివాడు, ఇవాళ టీ తనే కలిపాడు. "నువ్వు కూర్చో, ఎప్పుడూ పనేనా," అన్నాడు. ఆ మాట వినగానే ఆమెకి భయం వేసింది. పంచదార వెయ్యడం మరిచిపోయిన ఆ టీని మారు మాట్లాడకుండా తాగింది. తర్వాత అతను అటక మీది నుంచి పెట్టె దించి దుమ్ము దులిపాడు. తన పెట్టె కాదు, ఆమెది.

అత్తగారికి పక్షవాతం వచ్చి నెల దాటింది. ఆవిడ ఊరు రైల్లో ఒక పగలంతా ప్రయాణం. చూసుకోవడానికి పెట్టిన మనిషి మానేసిన రోజే తోడికోడళ్ళిద్దరికీ ఒకేసారి నడుం పట్టేసింది. ఆమెకేమో బడిలో రేపటి నుంచి పదో తరగతి పాఠాలు. "మీరు సంసారాలున్నవాళ్ళు, పెద్ద క్లాసుల ఒత్తిడి మీకెందుకమ్మా," అంటూ ఇన్నేళ్ళూ చిన్న పిల్లలకే అంటగట్టిన ప్రిన్సిపాల్, ఈసారి పిలిచి మరీ అప్పజెప్పారు. ఆ సంగతి చెబితే భర్త ఫోన్లోంచి తల ఎత్తకుండా "మంచిదే" అన్నాడు. రేపటి పాఠం ఆమె రెండుసార్లు అద్దం ముందు చెప్పుకుంది కూడా.

"అమ్మా, డివైడ్‌కీ డిస్ట్రిబ్యూట్‌కీ తేడా ఏమిటి?" ఈసారి బావగారు.

"డివైడ్ అంటే ఉన్నదాన్ని ముక్కలు చెయ్యడం బావగారూ. డిస్ట్రిబ్యూట్ అంటే తలా ఇంత చేతిలో పెట్టడం."

"అయితే అమ్మ నగలు డిస్ట్రిబ్యూట్."

ఆ అమ్మ ఇంకా బతికే ఉంది. నోరు పడిపోయిందిగానీ చెవులు పనిచేస్తున్నాయి. అవతల గొంతులు తగ్గాయి. కుర్చీ జరిపిన చప్పుడు.

"అలాట్ అంటే కేటాయించడమేగా? ఇల్లు అలాట్ చేశారంటాం. మనిషిని అలాట్ చెయ్యొచ్చా?"

"అన్నయ్యా, అది తర్వాత," భర్త గొంతు గబగబా అడ్డుపడింది.

"ఇల్లు చేస్తాం, పని చేస్తాం. మనిషిని చెయ్యం," అంది. క్లాసులో కర్త, కర్మ, క్రియ అనగానే వెనక బెంచీవాళ్ళు "మా కర్మ టీచర్" అని నవ్వుతారు. వాళ్ళతోపాటు తనూ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. ఊళ్ళో ఇల్లు అతనికి. ఆ ఇంట్లో ఉన్న అత్తగారు తనకి. ముగ్గురు మగవాళ్ళు కలిసి రాస్తున్న వాక్యంలో కర్మ తానే.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా. 'అమ్మని దగ్గరుండి చూసుకోవాలి.' ఇంత చిన్న ముక్క ఇంగ్లీషులో కుదిరి చావడం లేదు. మదర్ షల్ బి లుక్డ్ ఆఫ్టర్ అని చదివితే, ఎవరిచేత అని అడుగుతున్నాడు ఫోన్లో ఆ ప్లీడరు," అన్నారు బావగారు.

ఆమె వెళ్ళి గుమ్మంలో నిలబడింది. తెలుగులో ఎంత హాయి! టీ పెట్టాలి. బట్టలు ఉతకాలి. పిల్లకి జ్వరం, సెలవు పెట్టాలి. ఎవరు అని చెప్పక్కర్లేదు, అడగక్కర్లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు "మా ఇంట్లో పనులు పంచుకుని చేసుకుంటాం" అంటే పిచ్చిదానిలా మురిసిపోయింది. ఆ చేసుకునేది ఎవరో తెలిసేసరికి సగం వయసు అయిపోయింది. ఇన్నాళ్ళూ పేరెత్తకుండానే పని వచ్చి ఒళ్ళో పడేది. ఇవాళ పాపం ఒక ప్లీడరు పేరు అడిగాడు.

"చూసుకునేది ఎవరు బావగారూ?"

భర్త అందుకున్నాడు.

"అమ్మకి నీ చేతి పని అలవాటు కదా. రేపు పొద్దున బండికి టికెట్ తీశాను. మీ ప్రిన్సిపాల్‌కి నిన్ననే ఫోన్ చేసి చెప్పేశాన్లే, నువ్విక రావని."

ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు.

"రాసుకోండి," అంది. "ద త్రీ సన్స్ షల్ షేర్ ద కేర్ ఆఫ్ దెయిర్ మదర్. ముగ్గురు కొడుకులూ అమ్మని చూసుకునే పని పంచుకోవాలి అని. షేర్ మంచి మాట బావగారూ. కర్తలు ముగ్గురున్నా ఇరుకు ఉండదు."

బావగారు పెన్ను కింద పెట్టేశారు. మరిది లేచి వెళ్ళి, మాట బయటికి పోకుండా వీధి తలుపు మూసి, గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"మరి నువ్వెక్కడున్నావ్ ఇందులో?" అన్నాడు భర్త, చాలా మెల్లగా.

"లేను," అని, వాళ్ళ ముందే నిలబడి ప్రిన్సిపాల్ నంబరు నొక్కింది.