నుదుటి మీద మూడు గీతలు

పట్టాల మీద మంచు.

తెల్లవారి ఆరు గంటల మంచు. తడిసిన ఇనుము వాసన. కాలిన బ్రేకుల వాసన. ఎక్కడో మొదటి కాఫీ కాగుతున్న వాసన.

రైలు కనబడదు. ముందు పట్టా వణుకుతుంది. తర్వాత మంచు పసుపుపచ్చగా వెలుగుతుంది. ఆ తర్వాతే రైలు.

మునినారాయణప్ప ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర నిలబడి ఆ వెలుగుకు దండం పెడతాడు. రోజూ పెడతాడు. అన్నం పెట్టేది ఏదైనా దేవుడే కదా అనుకుంటాడు.

ఎర్ర చొక్కా. చేతికి కట్టిన ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళ తండ్రి చిక్కమునియప్పది. దేవనహళ్ళి దగ్గర చేను ఎండిపోతే ఆయన నడిచి బెంగళూరికి వచ్చాడు. ఈ స్టేషన్‌లో మూట ఎత్తాడు. అప్పట్లో గుంతకల్లు నుంచి రైలు చిన్న పట్టాల మీద వచ్చేది. బొగ్గు ఇంజను. దిగినవాళ్ళ ముఖాల నిండా మసి... ఎవరు ఎవరో తెలిసేది కాదట. కొళాయి దగ్గర ముఖం కడుక్కున్నాకే మనుషులు మళ్ళీ మనుషులయ్యేవారట.

చిన్న పట్టాలు పోయాయి. బొగ్గు పోయింది. నెత్తి మీద కరెంటు తీగలు వచ్చాయి. ప్లాట్‌ఫారాలు పది అయ్యాయి. స్టేషన్ పేరు కూడా మారింది. మునినారాయణప్పకు మాత్రం అది సిటీ స్టేషనే.

మైకులో కన్నడం వస్తుంది, హిందీ వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది. తెలుగు కూలీల నోళ్ళలో ఉంటుంది.

తర్వాత పెట్టెలకు చక్రాలు వచ్చాయి. మెట్లు వాటంతట అవే కదిలాయి. మోసే చేతులు ఖాళీ అయ్యాయి.

ఖాళీ చేతులకు ఇంకో పని దొరికింది.

ఇన్ని వేల కాళ్ళు... అందరూ ఎక్కడికో పోవడానికే ఇక్కడికి వస్తారు. ఎప్పుడో ఒకరు ఇక్కడే ఆగిపోతారు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే. రైలు వస్తుంది, రైలు పోతుంది, వాళ్ళు లేవరు. అప్పుడు పోలీసులు మునినారాయణప్పను పిలుస్తారు. మిగతా కూలీలు పక్కకు తప్పుకుంటారు. అతను తప్పుకోడు. ఇన్నేళ్ళు మూటలు ఎత్తినవాడు ఒక మనిషిని ఎత్తలేడా?

ఎత్తే ముందు అతనికి ఒక పద్ధతి ఉంది.

సీసాలోని నీళ్ళతో ముఖం కడుగుతాడు. కళ్ళు మూస్తాడు. తన తువ్వాలుతో తడి అద్దుతాడు. చొక్కా జేబులోంచి పొట్లం తీసి, మూడు వేళ్ళతో నుదుటి మీద విభూతి పెడతాడు. ఎవరూ పెట్టమనలేదు. ఎవరూ వద్దనలేదు. అయినవాళ్ళు పక్కన లేకుండా పోయే మనిషికి శివుడైనా తోడుండాలి కదా.

ఆ తర్వాతే పోలీసు ఫోటో తీస్తాడు. పేరు తెలియకపోతే ఆ ఫోటో పోలీసు గది బయట, గాజు బోర్డులో చేరుతుంది. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు అక్కడ నిలబడి చూస్తారు.

కూలీలు అతన్ని పూజారప్ప అని పిలుస్తారు. "పూజారప్పా, నేను పోయినప్పుడు కొంచెం ఎక్కువ ఈబూది ఎత్తుకోని రాప్పా. నాది బట్టతల, శానా జాగా ఉండాది" అని తోటి కూలీ రాము ఏడిపిస్తాడు.

మునినారాయణప్ప నవ్వుతాడు. నవ్వేవాడు.

కార్తీక సోమవారం. ఐదో నంబరు ప్లాట్‌ఫారం. స్తంభానికి ఆనుకుని ఒక ముసలాయన. మెడ దాకా బొత్తాలు పెట్టిన తెల్ల చొక్కా. సంచి లేదు, టికెట్టు లేదు, జేబులో కాగితం ముక్క లేదు. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది... ఎప్పటిదో పాత గాయం. మునినారాయణప్ప ఆ చెవి వెనక దుమ్ము కూడా కడిగాడు. కార్తీకమాసం, సోమవారం, నొప్పి తెలియని చావు... పుణ్యాత్ముడు అనుకున్నాడు. ఆ రోజు విభూతి కాస్త మందంగానే పెట్టాడు.

"ఐపోయెనా పూజారప్పా? ఫోటో తీయాల" అన్నాడు కానిస్టేబుల్ హేమంత్‌కుమార్.

ముఖం ఎడమకు వాలి ఉంది. చీలిన చెవి కిందికి పోయింది. ఫోటోలో పడింది ముక్కు, నోరు, నుదుటి మీద మూడు తెల్ల గీతలు.

మంచు విడిపోయింది. రైళ్ళు వచ్చాయి. పోయాయి.

క్రిస్మస్ దగ్గరపడిన ఒక ఆదివారం పొద్దున, పోలీసు గది ముందు నళిని అనే అమ్మాయి అతని చేతిలో ఒక కాగితం పెట్టింది. నలభైకి లోపు మనిషి. బట్టల ఫ్యాక్టరీలో పని. ప్రతి ఆదివారం కేజీఎఫ్ బండిలో వచ్చి, కనిపించినవాళ్ళందరికీ ఆ కాగితం ఇచ్చి పోతుందట. కాగితంలో ఆమె తండ్రి దేవదానం. బంగారు గనిలో పనిచేసినాయన. గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటినా, మతిమరుపు వచ్చాక షిఫ్టుకు పోవాలని తెల్లవారకుండానే లేచేవాడట. ఒకరోజు లేచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

కాగితంలో ముసలాయన నవ్వుతున్నాడు. నుదురు బోసిగా ఉంది.

ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.

మునినారాయణప్ప బోర్డు వైపు చూశాడు.

"బోర్డులో అందరినీ చూసినానప్పా, మా నాయన లేడు" అంది నళిని. తర్వాత గాజు మీద వేలు పెట్టి చూపించింది. "ఈయన్ను చూసి మొదటి వారమే గుండె ఆగిపోయె. అదే ముక్కు, అదే నోరు. ఈబూది చూసినాక పానం లేచొచ్చె. మా నాయన చర్చిలో పెద్దమనిషప్పా. సచ్చినా పెట్టుకోడు."

చిన్నగా నవ్వింది కూడా.

అమ్మ సమాధి పక్కనే ఆయనకు జాగా ఉంచామని చెప్పింది. ఆయనే గుంజలు పాతి, తీగ చుట్టి, తనకని ఉంచుకున్న జాగా అట. ప్రాణంతో దొరికితే సరే, ఎట్లా దొరికినా సరే, అక్కడికి చేరిస్తే చాలని ఆమె మొక్కు.

మునినారాయణప్ప తల ఊపాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె వెళ్ళాక హేమంత్‌కుమార్‌ను అడిగాడు... ఐదో నంబరు ముసలాయన ఏమయ్యాడని. ఎవరూ రాలేదనీ, ఆసుపత్రిలో ఉంచాల్సిన రోజులు ఉంచి, ఆ తర్వాత పంపేశారనీ చెప్పాడు హేమంత్‌కుమార్.

"పూడ్చినారా?"

"ఈబూది ఉండాది కదప్పా. కాల్చేసినారు."

ఆ మాట మామూలుగానే అన్నాడు. అందులో అతని తప్పేముంది?

మునినారాయణప్ప బెంచీ మీద కూలబడ్డాడు. మొదటి వారమే ఆ అమ్మాయి ఇక్కడికి వచ్చింది. ఈ గాజు ముందే నిలబడింది. అప్పటికి ఆయన ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇక్కడినుంచి నడిచిపోయేంత దూరం. తండ్రికి, కూతురికి మధ్య అంత దూరమే.

అంత దూరమూ, మూడు గీతలూ.

ఓకళీపురంలో ఒంటిగది ఇల్లు. భార్య సుబ్బలక్ష్మమ్మ దీపం వెలిగించి అన్నం పెట్టింది. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. మెల్లగా అంతా చెప్పాడు. మంచికి పెట్టిందే కదా అంటుందనుకున్నాడు. ఆ మాట కోసం ఎదురు చూశాడు.

"ఆ బిడ్డ ఇంకెన్ని ఆదివారాలు తిరగాల?" అంది సుబ్బలక్ష్మమ్మ.

ఆ వారమంతా అతను శివుడి పటం ముందు నిలబడ్డాడు. స్వామీ, నీ పేరు చెప్పి పెట్టాను. ఆ మనిషికి ఇంకో పేరుతో దేవుడు ఉన్నాడని నాకు తెలియదు. నీకు తెలుసు కదా. తెలిసి నా చెయ్యి ఎందుకు ఆపలేదు?

పటం పలకలేదు. అది ఎప్పుడూ పలకలేదు. ఈ వారమే అతనికి ఆ సంగతి వినిపించింది.

ఇంకో ఆలోచన రాత్రింబవళ్ళు తొలిచింది. ఇన్నేళ్ళుగా ఎంతమంది? ఎన్ని నుదుళ్ళు? అందులో ఎంతమందిని అయినవాళ్ళు చూసి, మనవాడు కాదని వెళ్ళిపోయారు? వెళ్ళిపోయి... ఇంకా ఎదురు చూస్తున్నారు?

గురువారం ఎనిమిదో నంబరు ప్లాట్‌ఫారం మీద ఒక ఆడమనిషి. ముఖం కడిగాడు. కళ్ళు మూశాడు. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. పొట్లం వేళ్ళకు తగిలింది.

చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"ఈ పొద్దు పెట్టవా?" అన్నాడు హేమంత్‌కుమార్.

"ఫోటో తీసుకోప్పా."

పెడితే ఒక తప్పు. పెట్టకపోతే ఆమె ఒంటరిగా పోయినట్టు. ఏది పాపం? పోలీసు చెప్పలేడు. పటం చెప్పదు. తెల్లగుడ్డ కప్పి, ఎత్తుకుని నడిచాడు. అంత తేలిక మనిషి... అతని భుజం మీద అంత బరువు ఎన్నడూ లేదు.

ఆదివారం వచ్చింది.

మంచు దట్టంగా ఉంది. కేజీఎఫ్ బండి దిగి నళిని కాగితాలు పట్టుకుని వచ్చింది. కొత్తగా అచ్చు వేయించినవి, ఇంకా రంగు వాసన పోలేదు. రాము ఒకటి తీసుకున్నాడు. టీ అమ్మేవాడు ఒకటి తీసుకున్నాడు. మునినారాయణప్ప చెయ్యి చాపలేదు.

"ఇట్ల రామ్మా" అన్నాడు.

బోర్డు దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె ముఖంలో ఆశ. ఇప్పుడైనా వెనక్కి తిరగొచ్చు. కనుక్కుంటానమ్మా అని పంపేయొచ్చు. ఆమె ఆశతో పోతుంది... మళ్ళీ ఆశతో వస్తుంది. ఎన్ని ఆదివారాలు?

"ఆ ఈబూది ఆయన పెట్టుకోలేదమ్మా. నేను పెట్టినాను."

ఆమెకు అర్థం కాలేదు.

అతను మూడు వేళ్ళు ఎత్తి గాజు మీద ఆనించాడు. ఫోటోలో నుదురు ఉన్నచోట. మూడు గీతలూ వేళ్ళ కింద దాగిపోయాయి.

కింద ముఖం మిగిలింది.

నళిని చూసింది. ఇంకా దగ్గరగా జరిగి చూసింది. కాగితాలు చేతిలోంచి జారి ప్లాట్‌ఫారం నిండా పరుచుకున్నాయి. దాటేవాళ్ళు వాటి మీదుగానే దాటిపోయారు. మైకు మూడు భాషల్లో ఏదో బండి ఆలస్యమని చెప్పింది.

ఆమె ఏడవలేదు. కేక పెట్టలేదు.

అతను చెయ్యి తీయబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని, తీయనివ్వకుండా గాజుకే అదిమింది.

"నాయనా..." అంది ఫోటోతో. తర్వాత, అతని వైపు తిరగకుండానే అడిగింది.

"ఎక్కడ పూడ్చినారప్పా?"

ఆమె ఊపిరికి గాజు తెల్లబడింది. ముఖం కనబడకుండా పోయింది... మెల్లగా కనబడింది... మళ్ళీ తెల్లబడింది.