అరువిచ్చిన ఊపిరి

రాతిపలక అంచును తిరుగుతున్న చక్రానికి ఆనించి, బరువంతా కుడిభుజం మీద మోపి, అతడు నునుపు పెడుతున్నాడు. లేచిన తెల్లని ధూళి కనుబొమలపైన, చెవుల మడతలలోన, మెడ ముడతలలోన పేరుకొన్నది. అతని అసలు పేరు హాజరు పిలుపులో తప్ప వినబడదు. అందరికీ అతడు తిత్తి. కొలిమితిత్తి వంటి ఛాతీ తెచ్చిన పేరది.

ఆ ఛాతీయే ఆ పలకల షెడ్డుకు రక్ష. ఏడాదికొకసారి డాక్టరమ్మ వచ్చి, పనివాళ్ల చేత గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలుస్తుంది. అంకె తగ్గినవాణ్ణి పనిలో నుండి తప్పిస్తారు. అందుచేత ఊపిరి చాలనివాని వంతు వచ్చినప్పుడల్లా తిత్తియే తలగుడ్డ మార్చుకొని తెర వెనుకకు పోయేవాడు. ధూళి పూసుకొన్న ముఖాలన్నీ ఆమెకు ఒక్కటే.

ఈసారి తొలి పిలుపు అతని అక్క భర్తకు వచ్చింది. బావ చక్రం ఆపి, గోడ పట్టుకొని చాలాసేపు దగ్గాడు.

“పోరా బావమరిదీ. నువ్వు ఊదితే పక్కింటి పొయ్యి కూడా రాజుకుంటుంది.”

“ప్రతిసారీ నేనేనా? అక్కకి చెప్తానుండు.”

“చెప్పు, చెప్పు. నేను ఇంట్లో కూర్చుంటే మీ అక్క చేత తిట్లు తినేది ఇద్దరమూనూ!”

తిత్తి నవ్వుతూనే వెళ్లాడు. గుండెనిండా గాలి పీల్చి ఊదాడు. అంకె సగంలో నిలిచిపోయింది. మళ్లీ ఊదాడు. గాలి ఉన్నదనుకొన్న చోట గాలి లేదు.

“ఇంకోసారి, గట్టిగా,” అంది డాక్టరమ్మ.

అంకె ఇంకా తగ్గింది.

“మీ ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. ఇవాళే ఆసుపత్రికి రావాలి.”

షెడ్డులో తనను మించిన ఊపిరి ఎవరికీ లేదు. తనదే ఇట్లా ఉంటే, బావది ఎట్లా ఉన్నట్టు?

“అమ్మా... నేను ఆయన్ని కాను. ఇది నా ఊపిరి.”

“మరి పోయినసారి?”

“అప్పుడూ నేనే. ఆయనకే కాదు, ఊపిరాడని వాళ్లందరికీ నేనే.”

ఆమె కలం కింద పెట్టింది. “ఇక్కడ అందరూ బాగున్నారనే కదయ్యా, దుమ్ము లాగే యంత్రానికి తొందరేం లేదని మీ యజమానికి చెప్పాను.” ఆమె గొంతు పెంచలేదు. తిట్టినా అతనికి అంత భయం వేసేది కాదు.

బావను పిలిపించింది. “కొంప ముంచావు కదరా,” అని గొణిగి, బావ గొట్టం అందుకొన్నాడు. అంకె కదలడానికే మొరాయించింది. గొట్టం తీసేసరికి అతని పెదవులు నీలంగా ఉన్నాయి.

మధ్యాహ్నం ఆసుపత్రి బండి వచ్చింది. అక్కను వెంటబెట్టుకొని సాయంత్రం తిత్తినీ రమ్మన్నది డాక్టరమ్మ. తిత్తి భుజం ఆసరాతో బావ బండి ఎక్కాడు.

“వెళ్లగానే చెప్పకురా. ముందు దాన్ని అన్నం తిననియ్యి.”

“నువ్వే వచ్చి చెప్పుకో బావా.”

బావ నవ్వబోయి దగ్గాడు. బండి మలుపు తిరిగింది. అతడు మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు.

లోపల చక్రాలు తిరగసాగాయి. పనిబూట్లతోనే వెళ్లిపోయిన బావ చెప్పులు గడప పక్కన ఉన్నాయి. వాటి మీద నల్లగా మిగిలిన కాలివేళ్ల గుర్తులను తెల్లని ధూళి ఒక్కొక్కటిగా నింపుతున్నది.