పిలుపు ముందరి ఖాళీ

కూర్మారావు భార్య, నిరుడు చనిపోయిన నూకరత్నం, ఇవాళ మధ్యాహ్నం ఇద్దరుగా తిరిగి వస్తుంది. ఇద్దరూ గుమ్మం ముందు ఎడమ చెప్పునే ముందు విడుస్తారు.

కూర్మారావు అక్క ఆదెమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగి చూస్తుంది.

"ఒరే తమ్ముడా, ఈ ఇంట్లో ఒక్క మరదలికే చోటుంది. అన్నం వార్చేలోగా అసలుదెవత్తో తేల్చు. రెండోదానికి కూడా వడ్డించమంటే నా వల్ల కాదు."

కూర్మారావుకు ఇది తెలిసిన పనే. ఎక్స్ఎంఎల్ నోడ్లను, అంటే కంప్యూటర్లో సమాచారం దాచే గడులను, పక్కపక్కన పెట్టి పోల్చడమే విశాఖపట్నంలో అతడి ఉద్యోగం. అరుగు మీద ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఇద్దరూ కొంగు సర్దుకుని తెర మీదికెక్కి చెరో నోడై కూర్చుంటారు.

పేరు కలుస్తుంది. ఒకతెకు ముక్కుపుడక ముందు, పుట్టుమచ్చ తరువాత. ఇంకొకతెకు పుట్టుమచ్చే ముందు. నోడు మీద రాసిన ఇలాంటి గుణాల వరుస లెక్కలోకి రాదు. లోపలి నోడ్ల వరుస మాత్రం తప్పకూడదు: పుట్టిల్లు, పెళ్లి, దక్కని బిడ్డ, వేరుశెనగ చేను, జ్వరం. తప్పలేదు.

తెర మీద "సమానం" అని వస్తుంది.

"అయితే ఇద్దరం నేనే కదా," అంటారు ఇద్దరూ.

"సమానం కావడం వేరు, ఒక్కతే కావడం వేరు," అంటాడు కూర్మారావు.

"నీ తెలివి తగలెయ్య! గంజి పొంగిపోతంది," అని ఆదెమ్మ కేక.

అతడు ప్రోగ్రాములో నోడ్ల నడుమ ఖాళీలను పోల్చకుండా వదిలేశాడు. అందరూ వదిలేస్తారు. ఈసారి వాటినీ పోల్చమని రాసి, "నన్ను అన్నానికి పిలవండి," అంటాడు.

"కూర్మారావు గారూ, అన్నానికి రండి," అంటుంది మొదటామె.

రెండో ఆమె మొగుడి పేరు పలకదు. ఆ ఊళ్లో ఏ ఇల్లాలూ పలకదు. పేరుండాల్సిన చోట ఊపిరంత ఖాళీ వదిలి, "అన్నానికి రండి," అంటుంది.

ఏడాదిగా అతడిని ఎవరూ అలా పిలవలేదు.

"ఈవిడే," అంటాడు రెండో ఆమెను చూపించి.

మొదటామె తెర దిగి చెప్పులు తొడుక్కుంటుంది. "పేరు పెట్టి పిలిస్తే ముచ్చట పడతారనుకున్నాను," అని వెళ్లిపోతుంది.

"రత్నం, ఇంకొక్కసారి పిలువు."

ఆమె నోరు తెరుస్తుంది. ఈసారి ఖాళీ అరుగంత అవుతుంది, వీధంత అవుతుంది. ఆమె ఆ చివరన నిలబడి ఉంది. కూర్మారావు పంచె ఎగగట్టి ఖాళీలోకి దిగుతాడు. అడుగున మోకాటిలోతు బురద. ఆడవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. ఎవరూ తల ఎత్తరు. అతడు నడిచేకొద్దీ వరి పాలు పోసుకుంటోంది, పండుతోంది, వాలిపోతోంది. ఆమె నోరు అలాగే తెరిచి ఉంది. అందులోంచి తెల్లకొంగలు ఒక్కొక్కటే బయటికొచ్చి, రెక్కలు దులుపుకుని, అతడికీ ఆమెకూ నడుమ చేలో వాలుతున్నాయి.