పదిహేడో కాయ

అచ్చమ్మ కూతురు నాంచారి నేను పాఠం చెప్పే రెండో తరగతిలో ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. పలకమీద అయిదు రాసేలోపు కిటికీ ఎక్కేది. అరిచి అరిచి నా గొంతు పోయింది. ఒళ్లు మండి, మామిడితోటలో కాయలు ఏరుతున్న అచ్చమ్మ దగ్గరికే వెళ్లాను.

"ఇంట్లోనూ అంతేనండీ మాస్టారూ. చేతికి పనుంటేనే దాని బుర్ర నిలబడుద్ది. గంపలో కాయలెయ్యమంటే ఒక్క లెక్క తప్పదండీ."

మర్నాడే బడికి రెండు గంపలు, నలభై కాయలు తెప్పించాను. నాంచారి ఒక గంపలోంచి ఇంకో గంపలోకి వేస్తూ చకచకా లెక్కపెట్టేది. కాకపోతే తోటలో వాళ్లమ్మలాగే, శుభమని ఒకటికి బదులు "లాభం" అనేది. వారం తిరిగేసరికి తరగతంతా అదే పాట.

అప్పుడే ఇన్‌స్పెక్టరుగారు దిగారు. నాంచారి "లాభం, రెండు, మూడు..." అనడం వినగానే మండిపడ్డారు.

"ఇదేం లెక్కయ్యా! నేను లెక్కపెడతాను, ఆ పిల్లని ధ్యాసపెట్టి చూడమను."

ఆయనే కాయలు వేయడం మొదలుపెట్టారు. పదిహేడోది ముగ్గిన చిన్నరసం. వాసన చూశారు, కళ్లు మూసుకున్నారు, మెల్లిగా కోటు జేబులో వేసుకున్నారు.

"ఎంతవరకు వచ్చాం?" అన్నారు తేరుకుని.

కిటికీ మీంచి నాంచారి అరిచింది.

"గంపలో పదహారండీ! పదిహేడోది మీ జేబులో ఉందండీ!"