ఆలూరు బండ్లు వచ్చేదాకా

చేవెళ్లలో లక్ష్మీనర్సయ్య టాకీసు నడిచినన్నాళ్లూ ఆడవాళ్ల గేటు సక్కుబాయిదే. టికెట్టు చింపేదీ ఆవిడే, హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాక వచ్చినవాళ్లకు "జరుగుండ్రి, జర జరుగుండ్రి" అంటూ నేల మీద చోటు చేసేదీ ఆవిడే. చంటిపిల్లల తల్లులు వస్తే స్తంభాలకు చీరతో ఉయ్యాల కట్టించేది. సినిమా అయ్యేదాకా ఆ ఉయ్యాలలు ఊపేది. పాట వస్తే మాత్రం ఊపడం మరిచిపోయేది, అది వేరే సంగతి. ఆ గేటు దగ్గరికి వచ్చిన ఆడదాన్ని ఒక్కదాన్ని కూడా ఆమె తిప్పి పంపలేదు. ఆమెకున్న గొప్ప అదొక్కటే, అడిగినా అడగకపోయినా అందరికీ చెప్పుకునేది.

ఆ టాకీసులో ఒక పద్ధతి ఉండేది. పొద్దుగూకగానే పైన కట్టిన మైకులో దేవుడి పాట వేసేవారు. గాలి అటు వీచిందా, పక్క ఊరు ఆలూరులో ఆడవాళ్లు పొయ్యి ఆర్పి ఎడ్లబండ్లు కట్టించేవారు. ఆ బండ్లు వచ్చేదాకా సినిమా మొదలయ్యేది కాదు. లక్ష్మీనర్సయ్య సేటు గల్లా దగ్గరి నుంచి "సక్కూ, ఆలూరు బండ్లొచ్చినయా?" అని కేకేసేవాడు. ఆమె రోడ్డు మీదికి చూసి "వచ్చినయ్ సేటూ" అంటేనే లోపల దీపాలు ఆరేవి. పట్నం నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరొకాయన ఒకసారి గడియారం చూపించి గోల చేస్తే, సేటు ఆయనకు సోడా ఇప్పించాడు తప్ప సినిమా వేయించలేదు.

ఇప్పుడా టాకీసు లేదు. దాని స్థానంలో సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. మొయినాబాద్ దాకా పొలాలన్నీ ఫామ్‌హౌస్‌లైపోయాయి. శనివారం వస్తే చాలు, గచ్చిబౌలి కంప్యూటరు ఆఫీసుల పిల్లలు కార్లేసుకుని ఈ రోడ్డు మీదే పడతారు. వాళ్ల కోసమే సేటు మనవడు కల్యాణ్, తను చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఎంకపల్లి శివారులో కార్లలోనే కూర్చుని చూసే ఆరుబయలు సినిమా పెట్టాడు. తొలి ఆటకు ముందు పాత టాకీసు జ్ఞాపకాల కార్యక్రమం ఒకటి ఉండాలనుకున్నాడు. జ్ఞాపకాలు కావాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా. అందుకని ఆలూరు వచ్చి, సక్కుబాయి అరుగు మీద కూర్చున్నాడు.

"నీకు శాలువా కప్పుతం అవ్వా. నాలుగు ముచ్చట్లు చెప్పాలె, అంతే" అన్నాడు.

"శాలువా నాకెందుకు బిడ్డా, ఈ ఎండలల్ల? మా ఊరి ఆడోళ్లను రానిస్తవా? తెర మీద సినిమా సూడక ఎన్నేండ్లాయె."

"అయ్యో, అందర్నీ తీస్కరా. మా దగ్గర మనిషికి టికెట్ కాదవ్వా, వెహికిల్‌కే టికెట్. నీకు అది గూడ లేదు."

"కార్లు మాకెక్కడియి? ట్రాక్టరైతే?"

కల్యాణ్ ఫోనులో ఏదో చూస్తూ నవ్వాడు. "ట్రాక్టరే తీస్కరా అవ్వా. మస్తుంటది."

లక్ష్మీనర్సయ్య ఇంటి మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. సక్కుబాయికి ఇంక రాతకోతలు అక్కర్లేకపోయాయి. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగింది. "చిన్న సేటు రమ్మన్నడు, నేనున్న గద గేటు కాడ" అంది. శనివారం వచ్చేసరికి ఆడవాళ్లు పెట్టెల్లో చీరలు తీశారు, దారిలో తినడానికి శనగ గుడాలు ఉడకబెట్టారు. ఆ ఊరి మల్లేశ్ తన ట్రాక్టరు కడిగి, ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద గొంగళ్లు వేశాడు. మోకాళ్ల నొప్పుల రాధమ్మను కుర్చీతో సహా పైకెత్తారు. దారి పొడుగునా ఆ ట్రాలీలో పాటలే పాటలు. పక్క నుంచి పోయే కార్లవాళ్లు అద్దాలు దించి మరీ చూశారు.

ఎంకపల్లి గేటు దగ్గర నల్ల కోటు మేనేజరొకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ట్రాక్టర్లు నాట్ అలౌడ్. లాన్ ఖరాబైతది."

"కల్యాణ్ సేటే రమ్మన్నడు సారూ. అడుగు" అంది సక్కుబాయి.

అడగడానికి కాస్త సమయం పట్టింది. ఆ కాస్తలో వెనక కార్లు హారన్లు కొట్టాయి. మల్లేశ్ ట్రాక్టరును పక్కకు తీసి మట్టిలో పెట్టాల్సి వచ్చింది. చివరికి కల్యాణ్ వచ్చాడు. ట్రాలీ నిండా ఉన్న మనుషులను చూసి అతని మొహం మాడిపోయింది.

"అవ్వా, నిజంగనే తెచ్చినవా? నేనేదో నవ్వులాటకన్న."

నవ్వులాట! ఇన్ని ఇండ్లు తిరిగి చెప్పింది నవ్వులాటనా? రాధమ్మ మోకాళ్లు పట్టుకుని ఇంత దూరం వచ్చింది నవ్వులాటకా? సక్కుబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కిందికి దిగుతరు బిడ్డా. మీ గడ్డి తొక్కరు. ఓ మూలకు కూసుంటరు."

"కార్లల్ల కూసునే జాగ అవ్వా ఇది. కింద కూసుంటే గెస్టులు ఏమనుకుంటరు? ముందు నువ్వు రా, నీ ప్రోగ్రాం అయిపోనీ, తర్వాత సూద్దాం."

తర్వాత చూద్దాం అనే మాటకు అర్థం తెలియనంత అమాయకురాలు కాదు సక్కుబాయి. అయినా వెళ్లింది. చేతికి మైకిస్తామంటున్నారు కదా, నలుగురి ముందూ అడిగితే కాదనలేరు అనుకుంది. "ఈడనే ఉండుండ్రి, పిలిపిస్త" అని ఆడవాళ్లకు చెప్పి లోపలికి నడిచింది.

లోపల ఆమెకు ముందుగా కనిపించింది ఎడ్లబండి. ఎడ్లు లేవు, ఒట్టి బండి. చక్రాలకు రంగులేశారు, నొగలకు బంతిపూల దండలు చుట్టారు. పిల్లలు దాని మీదికెక్కి ఫోటోలు దిగుతున్నారు. అది నిలబడ్డది కూడా ఆ లాన్ మీదే. దాని చక్రాల కింద గడ్డి నలగలేదు కాబోలు, ఆలూరు ట్రాక్టరు కిందే నలుగుతుంది కాబోలు! ఆ పక్కనే అట్టతో చేసిన టికెట్టు కిటికీ. దాని మీద వంకర అక్షరాలతో 'ఆడవారికి' అని రాశారు.

వేదిక మీద శాలువా కప్పారు. మెరుపుల లంగావోణీ కట్టిన యాంకరమ్మాయి మైకు నోటి దగ్గర పెట్టింది. ఎదురుగా వరసలు వరసలుగా కార్లు.

"నా పేరు సక్కుబాయి" అంది. "చేవెళ్ల టాకీసుల ఆడోళ్ల గేటు కాడ నేనుండేదాన్ని. ఆలూరు బండ్లు రానిదే మా సేటు సినిమా సురువు చెయ్యకపోయేది. ఆఫీసర్లొచ్చినా చెయ్యకపోయేది. ఆలూరు ఆడోళ్లు ఇయ్యాల గూడ వచ్చిన్రు. గేటు బయట మట్టిల నిలబడ్డరు. ఎడ్లు లేని బండిని లోపట పెట్టుకున్నరు, మనుషులున్న బండిని బయట ఆపిన్రు. వాళ్లను రానియ్యుండ్రి. వాళ్లొచ్చేదాకా సినిమా ఆపుండ్రి."

ముందు వరసలో ఒక కారు హారన్ కొట్టింది. దాన్ని చూసి ఇంకోటి. చప్పట్లకు బదులు అన్ని కార్లూ హారన్లు కొట్టాయి, లైట్లు ఆర్పి వెలిగించాయి. ఎవరో ఈల వేశారు.

"ముచ్చట కాదమ్మా, ముచ్చట చెప్తలేను!" సక్కుబాయి గొంతు పెంచింది. "నిజంగనే ఉన్నరు గేటు కాడ. పోయి సూడుండ్రి!"

హారన్లు ఇంకా గట్టిగా మోగాయి. "వావ్, అవ్వా సూపర్! ఎంత ఎమోషనల్‌గా చెప్పిందో కదా!" అంటూ యాంకరమ్మాయి మైకు లాక్కుని కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు నిజమైనవే. అదే సక్కుబాయిని ఇంకా మండించింది. తిట్టినా పోయేది, ఈ ఏడుపేమిటి? వాళ్ల కోసం ఏడ్చే మనిషి పోయి గేటు తీయించదేం?

వెనక తెర మీద వెలుగు పడింది. సినిమా మొదలైంది.

ఆమె వేదిక దిగి, కార్ల మధ్య నుంచి గేటు దాకా నడిచింది. దారిలో ఒక కారులోంచి ఎవరో చెయ్యి చాపి ఆమె చెయ్యి ఊపారు. బయట ఆడవాళ్లు ట్రాలీ అంచు పట్టుకుని లోపలికి తొంగిచూస్తున్నారు. వాళ్లకు తెరలో ఒక మూల మాత్రమే కనిపిస్తోంది.

"హారన్లు అంతగనం కొట్టిన్రేందక్కా?" అని రాధమ్మ ఆశగా అడిగింది. "మమ్ముల రమ్మన్నరా?"

సక్కుబాయి నోరు తెరిచేలోగా వెనక నుంచి కల్యాణ్ పరుగున వచ్చాడు. పక్కన కెమెరా మెడలో వేసుకున్న కుర్రవాడు.

"అవ్వా, ఇరగదీసినవ్! అందరు ఫోన్లు జేసి అడుగుతున్నరు ఎవరామె అని. ఒక్క ఫోటో. నువ్వు గూడ ట్రాక్టరెక్కు, వీళ్లందరు వెనక నవ్వుకుంట నిలబడాలె. పేపర్ల వేయిస్త."

ట్రాలీలో ఇద్దరు ముగ్గురు అప్పుడే జుట్టు సర్దుకోబోయారు. పాపం, పిలుపు వచ్చిందనుకున్నారు.

సక్కుబాయి భుజం మీది శాలువా తీసి కల్యాణ్ చేతిలో పెట్టింది.

"రానియ్యని గేటు కాడ నిలబడి నవ్వాల్నా బిడ్డా మేము?"

"అట్ల కాదవ్వా..."

"ఎట్ల మరి? సెప్పు, ఇంటం."

కల్యాణ్ శాలువా మడత పెట్టసాగాడు. సక్కుబాయి మల్లేశ్ చెయ్యి పట్టుకుని ట్రాలీ ఎక్కింది.

"పిలువలే రాధమ్మా" అంది. "హారన్లు కొట్టిన్రు గని పిలువలే. తియ్ మల్లేశ్."

ట్రాక్టరు వెనక్కి తిరిగింది. కుర్రవాడు అప్పటికీ కెమెరా ఎత్తి పక్కనే పరుగెత్తుతున్నాడు. సక్కుబాయి కొంగు తీసి మొహం కప్పుకుంది. రాధమ్మ ఆమెను చూసింది, తనూ కప్పుకుంది. తర్వాత ట్రాలీలో ఒకరి వెంట ఒకరు, పెట్టెల్లోంచి తీసిన ఆ మంచి చీరల కొంగులతో, ఆడవాళ్లంతా మొహాలు కప్పుకున్నారు.